గుండె రీసెర్చ్‌కు పైసలిచ్చే పెద్దలకు సిరొంచ నుంచి ఒక మెడికల్ షాపాయన రాసే లేఖ

సార్లకు, మేడమ్‌లకు నమస్తే.

గుండె జబ్బుల రీసెర్చ్‌కు పైసలిచ్చే ఫౌండేషన్లోళ్లకు, యూనివర్సిటీలోళ్లకు, పేపర్లు అచ్చేసే జర్నళ్ల ఎడిటర్లకు, మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్‌ల ఉన్న పెద్దలకు, అందరికి కలిపి ఒకటే లేఖ రాస్తున్న, ఎందుకంటే విడివిడిగ రాస్తే ఇది మా పని కాదు, వాళ్లది అని ఒకళ్ల మీద ఒకళ్లు చెప్తరని భయం. నాది మహారాష్ట్ర, గడ్చిరోలి జిల్లా, సిరొంచ. పటం తీసి చూస్తే మహారాష్ట్ర కింది కొసకు, ప్రాణహిత పోయి గోదావరిల కలిసే కాడ ఉంటది మా ఊరు. అవతలి ఒడ్డు కాళేశ్వరం, అది తెలంగాణ. మాకు ఇంట్ల తెలుగు, బడిల ఆఫీసుల మరాఠీ, సంతల రెండు కలిపి, అడివి ఊర్లల్ల మాడియా. జిల్లా ఆఫీసుకు పోవాలంటే అడివిల నుంచి దగ్గర దగ్గర 200 కిలోమీటర్లు. నేను చదివింది మరాఠీ మీడియం, తెలుగు రాసుడు మా అమ్మ నేర్పింది, తప్పులుంటే సర్దుకోండ్రి.

డీఫార్మసీ చేసి 2008 నుంచి ఇక్కడ మెడికల్ షాపు నడుపుతున్న. డాక్టర్ను గాను, సైంటిస్టును గాను. గాని గుండె మందులు ఎవరు కొంటున్నరు, ఎవరు కొనుడు బంద్ చేసిండ్రు అన్నది షాపోళ్లకు తెల్సినంత ఎవరికి తెల్వదు. డాక్టర్ చిట్టీల నెల రోజుల మందు రాస్తడు, మనిషి కౌంటర్ కాడ నిలబడి ఎంతయితది అని అడుగుతడు, చెప్పంగనే పది రోజులయి ఇయ్యి అన్నా మళ్ల వస్త అంటడు, పది రోజులైనంక నొప్పి లేదు గదా అని రాడు. ఎండకాలం తునికాకు పైసలు చేతికొస్తే బీపీ గోలీలు నెలకు సరిపడ కొంటరు, వానకాలం నాట్లు మొదలైతే పైసలు యూరియాకు పోతయి, గోలీలు ఆగిపోతయి. మళ్ల ఆ మనిషి నాకు కనవడేది మూతి వంకరపోయి, కొడుకు భుజం పట్టుకొని వచ్చినప్పుడే.

2011ల ప్యూర్ అనే పెద్ద అధ్యయనం ఒకటి ఇదే సంగతి లెక్కగట్టి చెప్పింది. ఒకసారి గుండెపోటో పక్షవాతమో వచ్చి బతికినోళ్లు ఆస్పిరిన్, బీపీ మందు, కొలెస్ట్రాల్ గోలీ ఇసొంటియి వేసుకుంటున్నరా అని ఊరూరు తిరిగి అడిగితే, ధనిక దేశాలల్ల నూటికి 11 మందే ఒక్కటి గూడ వేసుకుంటలేరు, పేద దేశాలల్ల మాత్రం నూటికి 80 మంది ఏదీ వేసుకుంటలేరు. అందుల మన దేశాన్ని పేద దేశాల లెక్కలనే వేసిండ్రు. ఆ 80 మంది మొకాలు నాకు తెలుసు సార్, రోజు నా షాపు ముందట నుంచే పోతరు.

మా బాపు సంగతి చెప్పకుంట ఈ లేఖ రాయలేను. 2009ల, బాపుకు 54 ఏండ్లు. రాత్రి పదకొండు దాటినంక ఛాతిల మంట అన్నడు. గ్యాస్ అనుకున్నం. ఇక్కడ ఛాతిల ఏమొచ్చినా గ్యాసే, సోడా తాగిచ్చినం, అమ్మ వీపు రుద్దింది, కొంచెం తక్కువైంది అంటే పండుకున్నం. రెండు గంటలకు బనీను మొత్తం చెమటకు తడిసిపోయింది. అప్పుడు గోదారి మీద మాకు వంతెన లేదు, రాత్రిపూట పడవ నడవది, గందుకే దగ్గర్ల ఉన్న ఒక దవాఖానకు తీస్కపోయినం. ఈసీజీ మిషన్ ఉన్నది గాని కాయితం అయిపోయిందన్నరు. జీపు మాట్లాడుకొని అడివి దారిల పోతుంటే తెల్లారగట్ల బాపు నా ఒళ్లోనే పోయిండు. తర్వాత చావు నమోదు చేపిస్తే రిజిస్టర్ల ఎందుకు చనిపోయిండు అనే కాడ ఏం రాయలేదు, ఖాళీగ ఉంది.

అప్పటికే నాకు షాపు పెట్టి ఏడాది. షాపు మా ఇంటి ముందు రూములనే. ఆస్పిరిన్ గోలీల పట్టీలు రాక్‌ల ఎదురుంగ ఉన్నయి. ఒక్కటంటే ఒక్కటి బాపు నోట్లె వెయ్యాలని నాకు తట్టలే.

ఆస్పిరిన్ సంగతి 1988లనే తేలిపోయింది. ఆక్స్‌ఫర్డోళ్లు ఐసిస్-2 అని ఒక ట్రయల్, అంటే మందును పేషెంట్లకిచ్చి పరీక్షించి చూసుడు, చేసిండ్రు, 16 దేశాలల్ల 417 దవాఖానలు, 17 వేల పైన పేషెంట్లు. గుండెపోటు అనుమానం రాంగనే ఆస్పిరిన్ మొదలువెట్టి నెల రోజులు ఇస్తే చావులు నూటికి 23 వంతులు తగ్గినయి. గోలీ ఖరీదు రూపాయి లోపే. దానికి కంపెనీ పేటెంట్ లేదు, ఫ్రిజ్ అక్కర్లే, కరెంటు అక్కర్లే. 1988 నుంచి 2009కి 21 ఏండ్లు. గోలీ మా ఇంట్లకైతే వచ్చింది గాని దాన్ని ఎప్పుడు వెయ్యాలె, గ్యాస్ ఏదో గుండె ఏదో ఎట్ల గుర్తుపట్టాలె, రాత్రి రెండు గంటలకు ఎవరికి ఫోన్ చెయ్యాలె అనే తెలివి రాలే. ఆ తెలివి మా అసొంటి ఊర్లకు ఎట్ల చేర్చాలె అన్నది గూడ రీసెర్చే గదా సార్. దాని మీద ఎవరు పైసలు పెట్టిండ్రు? మీ జర్నళ్లల్ల కొత్త స్టెంట్ పాత స్టెంట్ కన్న ఎంత మెరుగు అని చూసే పేపర్లు కుప్పలు కుప్పలుంటయి, అవి వద్దని నేనంటలేను, ఎవరికో పనికొస్తయి, గాని తెలిసిన మందును తెల్వని మనిషి కాడికి తీస్కపోవుడు ఎట్ల అన్న పేపర్లు ఏరుకొని ఏరుకొని వెతకాలె.

ఈ లెక్క ఇయ్యాల నిన్నటిది కాదు. 1990లనే ఆరోగ్య పరిశోధన మీద ఒక అంతర్జాతీయ కమిషన్ కూసొని లెక్క తీసింది. ప్రపంచం మొత్తం మీద ఆరోగ్య రీసెర్చ్‌కు పెట్టే పైసలల్ల నూటికి 5 రూపాయలే పేద దేశాల జబ్బుల మీద పోతున్నయని, ఆపగలిగి గూడ ఆపలేకపోయిన చావులు మాత్రం నూటికి 93 వంతులు ఆ దేశాలల్లనే ఉన్నయని చెప్పింది. గుండె జబ్బు అంటే పైసలున్నోళ్ల జబ్బు అనే మాట అప్పట్ల నడిచేది, ఇప్పటికి మా కాడ ముసలోళ్లు అట్లనే అంటరు. గాని గుండె, రక్తనాళాల జబ్బులతోటి చనిపోయేటోళ్లల్ల నూటికి 75 మంది కన్న ఎక్కువ పేద, మధ్యాదాయ దేశాలోళ్లే అని ప్రపంచ ఆరోగ్య సంస్థనే చెప్తున్నది.

ఇగ రిస్క్ సంగతి. మా ఫార్మసీ పుస్తకాలల్ల గుండె రిస్క్ చాప్టర్ తీస్తే మొదలు ఫ్రామింగ్‌హామ్ వస్తది. అమెరికాల మసాచుసెట్స్‌ల చిన్న పట్నం. 1948ల 5,209 మందిని పట్టుకొని వాళ్ల బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్లు అన్ని రాసుకుంట పోయిండ్రు, తర్వాత వాళ్ల పిల్లలయి, మనుమలయి గూడ రాసిండ్రు, ఇప్పటికీ నడుస్తున్నది. రిస్క్ ఫ్యాక్టర్ అనే మాట లోకానికి అలవాటైందే అక్కడి నుంచి. ఆ ఊరోళ్లకు దండం పెట్టాలె, మన బీపీ గోలీల వెనక వాళ్లున్నరు. గాని మొదలు పట్టుకున్న మనుషులు దాదాపు అందరు తెల్లోళ్లే. ఆ లెక్క మీద తయారైన, గుండె ముప్పు ఎంతో చెప్పే స్కోరు సిగరెట్టు తాగుతవా అని అడుగుతది, ఖర్రా తింటవా అని అడగది. మా గడ్చిరోలిల సిగరెట్టు తాగేటోళ్లు ఎంతమంది సార్? ఖర్రా తినేటోళ్లను లెక్కపెట్టండ్రి, పోక చెక్క, పొగాకు, సున్నం కలిపి ప్లాస్టిక్ కాయితంల రుద్ది ఆడోళ్లు మొగోళ్లు బడి పిల్లలు గూడ బుగ్గల పెట్టుకుంటరు. మా స్కోరు కాయితంల వాళ్లంతా 'పొగాకు లేదు' లెక్కలకు పోతరు.

దీని మీద ఎవరు చూడలేదని కాదు. సలీం యూసుఫ్ గారు, కేరళల పుట్టి బెంగళూర్ల డాక్టర్ చదివి కెనడాల ఉంటున్న మనిషి, ఇంటర్‌హార్ట్ అని 52 దేశాలల్ల అధ్యయనం నడిపిచ్చిండు, 2004ల వచ్చింది. గుండెపోట్లల్ల నూటికి 90 వంతులు ఒక తొమ్మిది సంగతులతోటే వస్తున్నయి, అవి ఏ దేశమైనా ఒకటే అని తేల్చిండ్రు. అదే లెక్కల నుంచి తర్వాత పొగాకు సంగతి విడిగ తీస్తే, నమిలే పొగాకుతోటి గూడ గుండెపోటు ముప్పు రెట్టింపు కన్న ఎక్కువైతదని, బీడీతోటి ఇంక ఎక్కువని తేలింది. బీడీ ఆకు ఏరేది మేమే. 2007ల మా నాగపూర్ డాక్టర్ ప్రశాంత్ జోషి గారు అదే లెక్కల నుంచి ఇంకో ముక్క తీసిండు. మన దిక్కు దేశాలోళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏండ్లకు వస్తున్నది, మిగిలిన దేశాలల్ల 59 దగ్గర. మా బాపుకు 54. ఆరేండ్లు ముందుగాల అంటే పిల్లల పెండ్లిళ్లు కాకముందు, బ్యాంకు అప్పు తీరకముందు పోవుడు. చూడండ్రి, మా మనుషులను లెక్కల పెట్టినంకనే ఈ సంగతి బయటవడ్డది. పెట్టకుంటే ఫ్రామింగ్‌హామ్ వయసే మాకు గూడ అనుకుంటుండె.

2014ల ప్యూర్ నుంచే ఇంకొకటి వచ్చింది, నన్ను మస్తు రోజులు నిద్రపోనియ్యలే. 17 దేశాలల్ల లక్షా 56 వేల మందిని చూస్తే బీపీ, కొలెస్ట్రాల్, లావు ఇవన్ని కలిపిన రిస్కు ధనిక దేశాలోళ్లకే ఎక్కువున్నది. కాని గుండెపోటో పక్షవాతమో వస్తే చనిపోయేది అక్కడ నూటికి 7 మంది లోపు, పేద దేశాలల్ల నూటికి 17. అంటే మా తిండి, మా అలవాట్లు మాత్రమే మమ్మల్ని చంపుతలేవు. జబ్బు వచ్చినంక ఏం జరిగింది, ఏం జరగలే అన్న కాడనే తేడా ఉన్నది. ఊర్లకు వచ్చి ఉప్పు తగ్గియ్యండ్రి, నడవండ్రి అని చెప్పి పోయేటోళ్లకు కోపం లేకుండ చెప్తున్న, మా ఆడోళ్లు తునికాకుకు పొద్దున నాలుగింటికి లేచి అడివిల కొన్ని మైళ్లు నడుస్తరు.

దవాఖానకు చేరినోళ్ల సంగతి క్రియేట్ అనే లెక్కల ఉన్నది. 2008ల లాన్సెట్ అనే వైద్య జర్నల్‌ల వచ్చింది, మన దేశంల 89 దవాఖానలు, 20,937 మంది. పెద్ద గుండెపోటు వచ్చినోళ్లల్ల సగం మందికి దవాఖాన చేరేసరికే 6 గంటలు దాటింది. నెల రోజుల లోపల పేదోళ్లు నూటికి 8 మంది పోయిండ్రు, ఉన్నోళ్లు 5 మంది చిల్లర. అందరికి ఒకటే వైద్యం అందినట్టు లెక్క సరిచేసి చూస్తే ఆ తేడా మాయమైంది. ఈ ఒక్క సంగతి నేను ఎన్నిసార్లు చదివిన్నో నాకే తెల్వదు. రక్తంల తేడా లేదు, గుండెల తేడా లేదు. అయినా ఇదంతా దవాఖాన గడప తొక్కినోళ్ల లెక్క. జీపుల పోయినోళ్లు, మంచంల పోయినోళ్లు, సోడా తాగి పండుకొని లేవనోళ్లు ఇందుల లేరు.

వాళ్లను లెక్కవెట్టుడు రాదా అంటే వస్తది. మా జిల్లాలనే చేసి చూపెట్టిండ్రు. డాక్టర్ అభయ్ బంగ్, రాణీ బంగ్ గార్లు పెట్టిన సెర్చ్ సంస్థోళ్లు 86 ఊర్లల్ల చనిపోయిన ప్రతి మనిషి ఇంటికి పోయి, ముందు నొప్పి ఎక్కడొచ్చింది, ఎన్ని గంటలకు, చెయ్యి పడిపోయిందా అని ఇంటోళ్లను అడిగి రాసుకున్నరు. 2015ల అచ్చైంది. గడ్చిరోలి ఊర్లల్ల చావులకు మొదటి కారణం పక్షవాతమని తేలింది, వంద చావులకు 14 దానివే, అట్ల పోయినోళ్లల్ల నూటికి 87 మంది ఇంట్లనే పోయిండ్రు. ఇది తేలకముందు అడివి జిల్లా అంటే మలేరియా, పాముకాటు, విరేచనాలు అనుకునేటోళ్లు పెద్దలంతా. అటు గోదారి కిందికి పోతే తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలల్ల 45 ఊర్లల్ల ఇట్లనే ఇంటింటికి పోయి అడిగిండ్రు, 2006ల పేపర్ వచ్చింది, అక్కడ మూడు చావులల్ల దగ్గర దగ్గర ఒకటి గుండె, రక్తనాళాలదే. మన తెలుగు ఊర్ల లెక్క అది. రెండు అధ్యయనాలు కలిపినా 131 ఊర్లు. మన దేశంల చావు రిజిస్టరైనోళ్లల్ల డాక్టర్ కారణం రాసి ఇచ్చింది 2020ల గూడ నూటికి 22 మందికే. మిగిలినోళ్లకు మా బాపు లెక్కనే డాక్టర్ రాసిన కారణం లేదు. సరిహద్దు జిల్లాలల్ల ఇంక కష్టం, మా మనిషి మంచిర్యాలలనో వరంగల్‌లనో పోతే చావు అక్కడి రాష్ట్రంల రాసుకుంటరు, మా తాలూకా లెక్కల ఆ మనిషి జబ్బే ఉండది. అటు ఒడిశా బార్డర్‌ల పర్లాకిమిడి, గుణుపురం తెలుగోళ్లు గూడ వైద్యానికి విశాఖ దిక్కే పోతరు, వాళ్లదీ ఇదే తిప్పలు అనుకుంట.

ఇగ ఒక పిల్ల సంగతి చెప్తా. ప్రాణహిత ఒడ్డు ఊరి పిల్ల, 13 ఏండ్లు. ఏడేండ్లప్పుడు గొంతు నొప్పి, తర్వాత మోకాళ్లు వాచినయి, ఎవరో పసరు కట్టిండ్రు, తగ్గింది. పదకొండేండ్లకు బడి మెట్లెక్కుతుంటే ఆయాసం. ఎకో, అంటే గుండె స్కానింగ్ తీపిస్తే రుమాటిక్ గుండె జబ్బు, గుండె వాల్వ్ బిగుసుకుంటున్నదన్నరు. స్ట్రెప్ అనే బ్యాక్టీరియాతోటి వచ్చే గొంతు ఇన్ఫెక్షన్‌ను టైంకు పెన్సిలిన్‌తోటి ఆపకుంటే ఒంట్ల రక్షణ శక్తే తిరగబడి గుండె కవాటాలను పాడుచేస్తది, ఇరుకు ఇండ్లు, వైద్యం దూరం ఉన్న కాడనే ఎక్కువొస్తది. ధనిక దేశాలల్ల ఇండ్లు బాగై, పెన్సిలిన్ వచ్చినంక ఇది దాదాపు పోయింది. వాళ్లకు పోయింది గనుక వాళ్ల రీసెర్చ్‌ల నుంచి గూడ పోయింది. 2015 లెక్కకు లోకంల 3 కోట్ల 30 లక్షల మందికి ఈ జబ్బున్నది, ఆ ఒక్క ఏడాదే 3 లక్షల పైన చనిపోయిండ్రు, ఎక్కువమంది వయసుల ఉన్నోళ్లు, కాన్పు అయ్యే వయసు ఆడపిల్లలు.

ఆ పిల్లకు 21 రోజులకోసారి బెంజథిన్ పెన్సిలిన్ సూది పడాలె, ఏండ్ల తరబడి. 70 ఏండ్ల కిందటి మందు ఇది. లాభం లేదని చేసే కంపెనీలు తక్కువ, చాలా దేశాలల్ల కొరత. నేను మందుల ఏజెన్సీకి ఫోన్ చేస్తే వచ్చే వారం అంటరు, ఆ వారం పోతే ఇంకో వారం. మందు దొరికినా సూది వేసేటోళ్లు రియాక్షన్ వస్తదని భయపడి మేం వెయ్యం అంటరు, వాళ్ల భయం గూడ అబద్ధం కాదు, ఏమన్నా అయితే ఊరంతా వాళ్ల మీద పడతది. ఈ మందును మూడు నెలలకోసారి వేస్తే సరిపోయేటట్టు, నొప్పి లేకుండ, భయం లేకుండ చేసే మార్గం మీద పని జరగాలె గదా, స్టెంట్ మీద పెట్టిన దాంట్ల వందో వంతు పెట్టినా ఎంత దూరం పోయేటోళ్లమో.

ఇంకో ముచ్చట. ఈ జబ్బుతోటి గుండె లయ తప్పినోళ్లకు రక్తం గడ్డకట్టకుండ వార్ఫరిన్ జాతి మందు ఇస్తరు, మా షాపుల అసిట్రామ్ అని పోతది. దానికి రక్తం ఎంత సేపట్ల గడ్డకడుతదో చూసే ఐఎన్‌ఆర్ టెస్టు చేసుకుంట డోసు సరిచూసుకోవాలె, మా కాడోళ్లు దానికోసం నది దాటి పోవాలె. 2009 నుంచి టెస్టు అక్కర్లేని కొత్త మందులు వచ్చినయి, పెద్ద పెద్ద ట్రయల్స్ అయినయి, కాని ఆ ట్రయల్స్‌ల మైట్రల్ వాల్వ్, అంటే గుండె ఎడమ దిక్కు గదుల నడుమ ఉండే వాల్వ్, బాగ బిగుసుకపోయినోళ్లను తీసుకోనేలేదు. అంటే మా పేషెంట్లనే. అయినా కొత్త మందులు మా కాడికొచ్చినయి, ఇవి మంచియని కొందరు రాసిండ్రు, టెస్టు బాధ తప్పుతది గదా అని నేను గూడ సంతోషపడ్డ. చివరికి 2022ల ఇన్‌విక్టస్ అని ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికాల 24 దేశాలల్ల నాలుగున్నర వేల మందితోటి చూస్తే, ఈ జబ్బోళ్లకు పాత మందే మేలు, కొత్త మందు మీద ఉన్నోళ్లల్లనే చావులు ఎక్కువ అని తేలింది. అందరం అనుకున్న దానికి తిరగబడ్డది. 2009 నుంచి 2022, మొత్తం 13 ఏండ్లు. ఈ 13 ఏండ్లు మా డాక్టర్లు అంచనా మీద మందు రాసిండ్రు, మేం అంచనా మీద అమ్మినం. ఎవరి తప్పు అని అడుగుతలేను. మమ్మల్ని మొదలే ట్రయల్‌ల కలుపుకుంటే ఇట్లయ్యేదా అని అడుగుతున్న.

కలుపుకుంటే ఏమైతదో ఉగాండా చూపెట్టింది. అక్కడ ఉత్తర దిక్కు ఊర్లల్ల బడి పిల్లలకు ఎకో చేసి, జబ్బు ఇంక బయటవడని దశల ఉన్న 800 మంది పిల్లలను పట్టుకొని, సగం మందికి నెలకో పెన్సిలిన్ సూది రెండేండ్లు వేసిండ్రు. వేసినోళ్లల్ల ముగ్గురికే జబ్బు ముదిరింది, వెయ్యనోళ్లల్ల 33 మందికి. పాత సూదే, కొత్తగ కనిపెట్టిందేం లేదు. పేద దేశం ఊరి బడిల నిలబడి అడగవలసిన ప్రశ్న అడిగిండ్రు, అంతే. తమిళనాడుల గూడ చిన్న దవాఖానలను పెద్ద దవాఖానలతోటి కలిపి గుండెపోటు పేషెంట్లను టైంకు పంపే ఏర్పాటు చేసి లెక్క తీస్తే, ఏడాదిల చావులు వందకు 17 చిల్లర నుంచి 14కు తగ్గినయని 2017ల పేపర్ వచ్చింది. త్రివేండ్రం చిత్ర ఇన్‌స్టిట్యూట్‌ల వలియతన్ గారి టీం మన దేశం వాల్వ్ తయారుచేసి 1990ల మొదటి మనిషికి పెట్టిండ్రు, పేదోళ్లకు అందే ధరల. బెంగళూర్ల సెయింట్ జాన్స్ డాక్టర్లు నాలుగైదు మందులు ఒకటే గోలీల పెట్టి 2009ల ట్రయల్ చేసిండ్రు, ఆ రకం గోలీని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023ల అవసరమైన మందుల పట్టీల చేర్చింది, మధ్యల 14 ఏండ్లు. మా షాపుకు దాన్ని రాసిన చిట్టీ ఎప్పుడో ఒకటి వస్తది.

మా అడివిల రీసెర్చ్ చేస్తే ఏమొస్తది అనేటోళ్లకు ఒకటే మాట. బంగ్ గార్లు మా జిల్లాల 39 ఊర్లల్ల, ఊరి ఆడోళ్లకే నేర్పిచ్చి పసిపిల్లలను ఇంట్లనే చూసుకునే పద్ధతి పెట్టి, 1999ల లాన్సెట్‌ల రాసిండ్రు. ఇయ్యాల దేశమంతా ఆశా వర్కర్లు పుట్టిన పిల్ల ఇంటికి పోతున్నరంటే ఆ పద్ధతి ఇక్కడి నుంచి పోయిందే. పసిపిల్లలకు చేసి చూపెట్టిన జిల్లా వాళ్ల తాతల గుండెకు చెయ్యలేదా?

గందుకే అడుగుతున్న. ముందుగాల మా సరిహద్దు తాలూకాలల్ల ఇంట్ల పోయే ప్రతి చావును ఇంటికొచ్చి అడిగి రాసుకునే పని పెట్టండ్రి, ఒకటి రెండేండ్ల ప్రాజెక్టు అని వచ్చిపోకుంట ఎప్పటికీ నడిచేటట్టు, నదికి ఇటు అటు రెండు రాష్ట్రాల లెక్క ఒక కాడ కలిపేటట్టు. అడిగేటోళ్లు తెలుగు, మరాఠీ, మాడియా వచ్చినోళ్లై ఉండాలె, ఇక్కడ డిగ్రీలు చేసి ఖాళీగ ఉన్న పిల్లలున్నరు, వాళ్లకు నేర్పిచ్చి జీతమియ్యండ్రి. ఖర్రా, బీడీ, పొయ్యి పొగ, తునికాకు సీజన్ ఇవన్ని అడిగే కాయితం తయారుచెయ్యండ్రి. ఐసీఎంఆర్ సార్లకు ప్రత్యేకంగ చెప్తున్న, ఇది బయటి దేశపోళ్లు చెయ్యాలని ఎదురుచూసే పని కాదు. ఛాతి నొప్పి వచ్చిన రాత్రి ఆశా, ఆర్‌ఎంపీ, మెడికల్ షాపు, 108 బండి, ఎవరు ఏం చేస్తే మనిషి బతుకుతడో ట్రయల్ పెట్టి తేల్చండ్రి. మా షాపు దాంట్ల ఉంటది, పైసా అక్కర్లే.

జర్నళ్ల ఎడిటర్లకు ఒక మాట. నేను చదివిన పేపర్లల్ల సగం పైపై ముక్కే చదివిన, లోపలిది తెరవాలంటే ఒక్క పేపర్‌కు వేల రూపాయలు అడుగుతది. మా జిల్లా మనుషుల గురించి రాసింది మా జిల్లా మనిషి చదవలేకపోవుడు మంచిగ లేదు. ఇక్కడి డాక్టర్ పేపర్ రాస్తే అచ్చేసుడుకు ఫీజు డాలర్లల్ల కట్టాలె, ఆ పైసలతోటి ఒక పీహెచ్‌సీకి ఈసీజీ మిషన్ వస్తది. కొన్నేండ్ల కింద ఒక టీమోళ్లు వచ్చి మా వాడల 60 మంది రక్తం తీసుకొని పోయిండ్రు, షుగర్ చూస్తం, రిపోర్టు పంపుతం అన్నరు. ఒక్కరికీ రాలే. ఇప్పుడు ఎవరన్నా రక్తం అడిగితే మా వాడ ఆడోళ్లు తలుపు తీయరు, నేను పోయి చెప్పినా తీయరు. మీరు పైసలిచ్చే ప్రతి ప్రాజెక్టుల రిపోర్టు మనిషి చేతికి, వాళ్ల భాషల, చదివి చెప్పి ఇయ్యాలని షరతు రాయండ్రి. పేపర్ మీద ఇక్కడి డాక్టర్, ఇక్కడి నర్సు పేరు గూడ ఉండాలె, ఆఖర్ల థ్యాంక్స్ చెప్పే కాడ కాదు, రాసినోళ్ల వరసల.

2018ల ప్రపంచ ఆరోగ్య సభల దేశాలన్ని కలిసి రుమాటిక్ గుండె జబ్బు మీద తీర్మానం చేసినయి. మా కాడికి అది ఇంక సూది రూపంల రాలేదు.

నా గల్లా పెట్టె కింద ఒక పొడుగు నోట్‌బుక్ ఉన్నది. 2009 నుంచి రాస్తున్న. ఎవరు బీపీ గోలీ బంద్ చేసిండ్రు, ఏ నెల, తర్వాత ఏమైంది. ఛాతి నొప్పికి గ్యాస్ గోలీ అడిగినోళ్లు, నేను ఈసీజీకి పంపినోళ్లు, పోయినోళ్లు, పోనోళ్లు. సైన్సు లెక్క కాదు, కాలమ్‌లు గూడ సరిగ్గ లేవు. మీల ఎవరన్నా వస్త అంటే తీసి ముందల పెడత, ఇంటోళ్లను అడిగి వాళ్లు సరే అంటేనే పేర్లు చెప్త. ఇప్పుడు వంతెన ఉన్నది, కాళేశ్వరం దాక బస్సుల వచ్చి గోదారి దాటితే మాదే ఊరు, ఎవరినడిగినా షాపు చూపెడతరు. రాత్రి తొమ్మిది దాక తెరిచే ఉంటది, తర్వాతొస్తే ఇంటి తలుపు కొట్టండ్రి. వచ్చేటప్పుడు వీలైతే బెంజథిన్ పెన్సిలిన్ ఎక్కడ దొరుకుతదో కనుక్కొని రండ్రి, ఆ పిల్లకు సూది పడవలసింది వచ్చే నెల 9 తారీఖున, ఇయ్యాలటికి నా దగ్గర ఒక్క సీసా గూడ లేదు.

ఇట్లు,
సిరొంచ మెడికల్ షాపాయన